అద్దె లేని రూము వదిలి హైదరాబాద్ ఎందుకు పోయానంటే

మాది ధర్మవరం. మా నాయన మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. బీకాం అయ్యాక లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ నేర్చుకుని, ఒక ఆడిటర్ దగ్గర ఏడాది పాటు జీఎస్టీ రిటర్నులు వేసే పని చేశాను. నెలకు అయిదు వేలు. ఇక బయటికి పోవాల్సిందే అనుకున్నప్పుడు, ఏ ఊరికి అన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ రాలేదు. మా వాళ్లకు సిటీ అంటే బెంగళూరే. రైలెక్కితే మూడు నాలుగు గంటలు. హైదరాబాద్ అంటే రాత్రంతా ప్రయాణం. పైగా పెద్దమ్మ కొడుకు బెంగళూరు మారతహళ్లిలో ఉంటాడు. "వచ్చేయ్‌రా, అద్దె గిద్దె ఏం వద్దు" అన్నాడు.

పోయాను. అన్న మంచోడే. చిక్కంతా ఆ రూముతోనే. అన్నది నైట్ షిఫ్టు. పొద్దున ఏడింటికి వచ్చి కర్టెన్ లాగి పడుకుంటాడు. ఉన్నది ఒక్కటే గది. ఉద్యోగాల ఫోన్లన్నీ పదీ అయిదూ మధ్యలోనే వస్తాయి. ఫోన్ మోగగానే చెప్పులేసుకుని డాబా మీదికి పరుగెత్తేవాణ్ని. నీళ్ల ట్యాంకు పక్కన ఒక మనిషికి సరిపడా నీడ ఉండేది. హెచ్ఏఎల్ విమానాశ్రయం పక్కనే. ఒకరోజు అవతలాయన "బ్యాంక్ రీకన్సిలియేషన్ ఎట్లా చేస్తావో చెప్పు" అంటున్నాడు, సరిగ్గా అప్పుడే నెత్తిమీద విమానం. హలో, హలో అని పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు.

ఇంకోరోజు పీణ్యాలో ఇంటర్వ్యూ. మారతహళ్లి నుంచి 335-ఇ బస్సులో మెజెస్టిక్, అక్కణ్నుంచి గ్రీన్ లైన్ మెట్రో. పోను రెండున్నర గంటలు పట్టింది. అకౌంట్స్ ప్రశ్నలన్నీ బాగానే చెప్పాను. చివర్లో మేనేజర్ "పార్టీలకు ఫోన్ చేసి పేమెంట్లు అడగాలి, కన్నడలో మాట్లాడతావా?" అన్నాడు. నాకు అర్థమవుతుంది గానీ, బాకీ వసూలు చేసేంత కన్నడ ఎక్కడిది? చిన్న ఆఫీసుల్లో అకౌంటెంటు అంటే సగం పని ఆ ఫోన్లే అని అప్పటిదాకా నాకు తెలియదు. ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు.

ఆ రాత్రి నోటుబుక్కు తీసి లెక్క వేశాను. చేతిలో 32 వేలున్నాయి, అందులో అమ్మ చీటీ డబ్బులు కూడా. బెంగళూరులో అద్దె సున్నా, కానీ అన్న వండుకోడు. మెస్సు, బస్సు, టీ కలిపి నెలకు ఆరు వేలు అవుతోంది. హైదరాబాద్‌లో ఉన్న క్లాస్‌మేట్‌ని అడిగితే ఎస్ఆర్ నగర్ హాస్టల్లో ముగ్గురి గదిలో బెడ్డు, మూడు పూటలా తిండి కలిపి 6,500 అన్నాడు. తిరగడానికి ఇంకో పదిహేను వందలు వేసుకున్నా ఎనిమిది వేలు. తేడా రెండు వేలే. నాలుగు నెలలు గడుస్తాయి. విడిగా రూము తీసుకుందామా అంటే బెంగళూరులో అయిదు నెలల అద్దె అడ్వాన్సు అడిగేవాళ్లే ఎక్కువ, ఆ మాటే ఎత్తుకోలేదు.

నాయనకు చెబితే అరిచాడు. "ఊరికే ఇచ్చే రూము ఇడిసిపెట్టి, దుడ్డు కట్టి యాడనో ఉంటానంటావేందిరా?" విమానం సంగతి చెప్పాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. మూడు రోజులు ఫోన్లో మాట్లాడలేదు.

హైదరాబాద్ వెళ్లగానే ముందు రెజ్యూమేలో అడ్రస్ మార్చాను. ఇంటి దగ్గర ఉన్నప్పుడు "ప్రెజెంట్ లొకేషన్?" అని అడిగి, ధర్మవరం అనగానే "సరే, చెప్తాం" అనేవాళ్లు. ఎస్ఆర్ నగర్ అని పెట్టాక మొదటి వారంలోనే ఆరు కాల్స్ వచ్చాయి. "రేపు పదింటికి రాగలరా" అంటే "వస్తాను" అనొచ్చు. కూకట్‌పల్లి, మియాపూర్ ఒకే మెట్రో లైను. హైటెక్ సిటీ వైపు అయితే అమీర్‌పేటలో మారితే చాలు. పగలు హాస్టల్ గది ఖాళీ, తలుపేసుకుని ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

అన్నీ బాగానే జరిగాయని కాదు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం దగ్గర కోర్సుల పాంఫ్లెట్లు తప్పించుకున్నాను గానీ, ఒక కన్సల్టెన్సీ వాళ్లు రిజిస్ట్రేషన్ అంటే రెండు వేలు కట్టేశాను. తర్వాత ఫోనే ఎత్తలేదు. లెక్కలు చదివినవాణ్ని, నాకే ఇట్లా అయిందని హాస్టల్లో ఎవరికీ చెప్పుకోలేదు. హిందీ కూడా అవసరం పడింది, అది తడుముకుంటూ మాట్లాడాను.

ఏడో వారంలో కూకట్‌పల్లిలో మందుల డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. 17 వేలు. అప్పటికి నా దగ్గర పద్నాలుగు వేలు మిగిలి ఉన్నాయి. ఇక్కడ కూడా బాకీల ఫోన్లే, కాకపోతే తెలుగులో.

మొన్న ఉగాదికి కాచిగూడ రైళ్లన్నీ వెయిటింగ్ లిస్టు. రాత్రంతా బస్సులో కూర్చుని ఇల్లు చేరేసరికి పొద్దున పది దాటింది. ముందురోజు సాయంత్రం రైలెక్కిన అన్న, రాత్రి భోజనానికే ఇంట్లో ఉన్నాడట. నేను పోయేసరికి తలకు పోసుకుని, పచ్చడి తిని, మూడో ఓళిగ మీద నెయ్యి వేయించుకుంటున్నాడు. నాయన నా వైపు చూశాడు, ఏమీ అనలేదు.