కంఠీరవలో విన్న అరుపులు

2017 అక్టోబర్ 22 నుంచి 28 దాకా బెంగళూరులో పదహారేళ్లలోపు అమ్మాయిల ఆసియా బాస్కెట్‌బాల్ పోటీలని తెలిసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అనంతపురానికి బెంగళూరు ఎంత దూరమని? రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగిపోతాం. జపాన్, చైనా, ఆస్ట్రేలియా దేశాల జాతీయ జట్లు ఇంత దగ్గరికి రావడం, అదీ మా స్కూలు జట్టు పిల్లల ఈడు అమ్మాయిలే ఆడటం, మళ్లీ ఎప్పటికో. కనీసం ఫైనల్స్ రోజైనా మా పిల్లలకు చూపించి తీరాలనుకున్నాను.

ఒప్పించాల్సింది తల్లిదండ్రుల్ని. అప్పుడే దీపావళి వెళ్లింది. చెనక్కాయలు పీకే రోజులు, ఇంట్లో ప్రతి చెయ్యీ కావాలి. "ఆడేదానికైతే సరే మేడం, చూసేదానికి అంత దూరం ఎందుకు?" అని ఒక నాన్న అడిగాడు. ఆయన అడిగింది న్యాయమే. నా దగ్గర ఉన్న జవాబు ఒకటే. మా పిల్లలు బాగా పరిగెడతారు, బంతి మీద పట్టుంది, కానీ కోర్టులో నోరు తెరవరు. వెనక నుంచి ప్రత్యర్థి వచ్చి అడ్డం నిలబడితే తోటి అమ్మాయికి ఒక్క కేక వేసి చెప్పరు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. గట్టిగా మాట్లాడకూడదని ఊహ తెలిసినప్పటి నుంచి నేర్పి, ఇప్పుడు కోర్టులో అరవండమ్మా అంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? అరిచే ఆడపిల్లల్ని వాళ్లు కళ్లారా చూడాలి. ఆ మాటే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "సరే, జాగ్రత్తగా తీసుకురాండి" అన్నాడు.

బెంగళూరు రైల్వే స్టేషన్ ఉండే మెజెస్టిక్‌లో దిగి, దగ్గర్లోని హోటల్లో చౌచౌబాత్ తిన్నాం. ఖారాబాత్, కేసరిబాత్ ఒకే ప్లేటులో పక్కపక్కన పెట్టిస్తే పిల్లలకు ఏది ముందు తినాలో తోచలేదు. మెట్రో మొదటి దశ ఆ జూన్‌లోనే పూర్తయింది. నేల కింద నడిచే రైలు వాళ్లెవరూ అంతకుముందు ఎక్కలేదు. కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగి, చెట్ల కింద నడుచుకుంటూ శ్రీ కంఠీరవ ఇండోర్ స్టేడియం చేరాం.

లోపలికి అడుగుపెట్టగానే మా పిల్లలు చూసింది నేల. చెక్క నేల. మా స్కూల్లో ఉన్నది సిమెంటు కోర్టు, ఎండాకాలం తొమ్మిదింటికే కాలు పెట్టలేం. ఇక్కడ ఒక చెమట చుక్క పడితే చాలు, మాప్ పట్టుకున్న పిల్లలు పరిగెత్తుకొచ్చి తుడిచి వెళ్తున్నారు. బూట్లు కిర్రుమంటున్నాయి. టీవీలో ఆ చప్పుడు ఇంత పదునుగా వినిపించదు.

ఈ పోటీల పద్ధతి కొంచెం చెప్పాలి. జట్లు రెండు డివిజన్లుగా ఆడతాయి. పై డివిజన్ ఏ. అందులో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లకు 2018లో బెలారస్ రాజధాని మిన్స్క్‌లో జరిగే పదిహేడేళ్లలోపు ప్రపంచకప్‌లో చోటు. అప్పుడు మన దేశం ఉన్నది డివిజన్ బిలో. బి గెలిస్తే వచ్చేసారి ఏలోకి వెళ్తాం. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ జట్లు ఆసియా పోటీల్లోకి రావడం ఆ ఏడాదే మొదలైంది కాబట్టి పైన పోటీ ఇంకా గట్టిపడింది. అప్పటికి మూడు నెలల క్రితం, జులైలో, ఇదే బెంగళూరులో సీనియర్ మహిళల ఆసియా కప్ జరిగింది. డివిజన్ బి ఫైనల్లో మన సీనియర్లు కజకిస్థాన్ మీద 75-73తో గెలిచారు. ఏ ఫైనల్లో జపాన్ ఆస్ట్రేలియాను 74-73తో, అంటే ఒక్క పాయింటుతో ఓడించింది. జూనియర్ల డివిజన్ ఏ ఫైనల్ కూడా సరిగ్గా ఆ రెండు దేశాల మధ్యే పడింది. మన జట్టు బి ఫైనల్లో మలేసియాతో తలపడుతోంది. ఇంతకంటే మంచి రోజు మాకు దొరకదు.

అసలు మ్యాచ్ కంటే ముందు వామప్ చూడమని పిల్లలకు చెప్పాను. జపాన్ అమ్మాయిల్లో చాలామంది మా వాళ్లకంటే పెద్ద ఎత్తేం కాదు. కానీ వరసలో నిలబడి బంతి అందించుకునేటప్పుడు అందించే ప్రతి అమ్మాయీ, అందుకునే ప్రతి అమ్మాయీ ఏదో ఒకటి అరుస్తూనే ఉంది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు కూడా ఊరుకోరు. ఎవరైనా బుట్టలో వేస్తే బెంచీ మొత్తం లేచి నిలబడుతుంది. డిఫెన్స్‌లో, అంటే అవతలి జట్టును అడ్డుకునేటప్పుడు, ఒక అమ్మాయి ఎడమ చెయ్యి వెనక్కి చాచి, తన వెనక ఎవరున్నారో తడిమి చూసుకుంటూ, కళ్లు బంతి మీద నుంచి తిప్పకుండా, పక్కనున్న అమ్మాయికి ఆగకుండా చెబుతూనే ఉంది. ఏం చెబుతోందో మాకు భాష తెలియదు. కానీ ఆమె చెప్పిన మరుక్షణం రెండో అమ్మాయి అక్కడికి చేరిపోయింది. మా పాయింట్ గార్డ్, అంటే బంతి తెచ్చి ఆట నడిపించే అమ్మాయి, నా చెయ్యి పట్టుకుని, "మేడం, ఆ పిల్లకు గొంతు నొప్పి పుట్టదా?" అంది.

మన వాళ్ల ఆట చూస్తుంటే గుండె నిండిపోయింది. నీలం జెర్సీ వేసుకున్న పదిహేనేళ్ల పిల్లలు జాతీయగీతానికి నిలబడితే, గ్యాలరీలో మా పిల్లలూ బిగుసుకుని నిలబడ్డారు. ఆట మొదలయ్యాక మన వైపు పెద్ద టెన్షన్ లేదు. బంతి లాక్కోవడం, లాక్కున్న వెంటనే అవతలి బుట్టకు పరిగెత్తడం, మలేసియాకు ఊపిరి తీసుకునే సందు ఇవ్వలేదు. మన జట్టూ అరుస్తూనే ఆడింది. ఒక మాట హిందీలో, ఒక మాట ఇంగ్లిష్‌లో. వేర్వేరు రాష్ట్రాల నుంచి వచ్చి ఒక శిబిరంలో కలిసిన పిల్లలు కదా, ఎవరికి ఏ మాట చప్పున అందితే అది. గెలిచి డివిజన్ ఏకి అర్హత సాధించిన క్షణాన వాళ్లు ఒకరి మీద ఒకరు పడి కేకలు పెడుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. మూడు నెలల్లో రెండుసార్లు, అదే ఊళ్లో, మన ఆడపిల్లలు పై మెట్టు ఎక్కారు. క్రికెట్‌కైతే ఊరూరా బ్యానర్లు కట్టేవాళ్లం. ఈ పిల్లల పేర్లు మాత్రం ఎంతమందికి తెలుసు? తెలియాలి.

డివిజన్ ఏ ఫైనల్ దగ్గరికొచ్చేసరికి తేడా కళ్లముందే కనిపించింది. ఎత్తులో, బలంలో ఆస్ట్రేలియా పైచెయ్యి. వేగంలో, దూరం నుంచి వేసే షాట్లలో జపాన్. ఆస్ట్రేలియా అమ్మాయిలు బుట్ట కింద ఎదుటివాళ్లకు వీపు ఆనించి, మోకాళ్లు వంచి, బంతి పైనుంచి దిగేలోపే చోటు పట్టేసేవారు. మా పిల్లలు రీబౌండ్, అంటే బుట్టలో పడకుండా తిరిగొచ్చే బంతిని అందుకోవడం, అంటే ఎగరడమే అనుకుంటారు. ఎగరడానికి ముందే సగం పని అయిపోతుందని నేను బోర్డు మీద ఎన్నో బొమ్మలు గీసి చెప్పాను, అది ఇక్కడ ఒక్క క్వార్టర్‌లో వాళ్లకు అర్థమైంది. చివరికి ఆస్ట్రేలియా గెలిచింది. ఓడిన జపాన్ అమ్మాయిలు కొందరు ఏడుస్తూనే వరసలో నిలబడి, గ్యాలరీ వైపు తిరిగి వంగి నమస్కారం చేశారు.

తిరుగు రైల్లో నిద్రపోండని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. డిఫెన్స్‌లో ఏ మాట వాడాలన్న దాని మీద పెద్ద వాదన. ఇంగ్లిష్ మాటలు పొడుగైతే నోరు తిరగదని ఒకామె, అవతలి జట్టుకూ తెలుస్తుందని ఇంకొకామె. ఆఖరికి "కుడి", "ఎడం", "నాది" అని తెలుగులోనే ఖాయం చేసుకున్నారు. "నాది" అంటే బంతి ఉన్న అమ్మాయిని నేను పట్టుకున్నాను, మీరు మిగతావాళ్లను చూసుకోండి అని.

సోమవారం సాయంత్రం ప్రాక్టీసులో ఆ మూడు మాటలతో కోర్టు మార్మోగింది. హెడ్మాస్టర్ గారు ఆఫీసు గదిలోంచి బయటికొచ్చి, "ఏందమ్మా ఆ గోల?" అని అడిగారు.

"డిఫెన్స్ సార్," అంది మా పాయింట్ గార్డ్, ఆట ఆపకుండానే.