రంగుల కంటే ముందు గోడ ఆరాలి
హన్మకొండలో మా పాత ఇంటి మరమ్మతు ముగింపుకు వచ్చింది. దసరాకే రంగులు వేయించాలని ఇంట్లో అందరూ ముచ్చటపడ్డారు గానీ, వానాకాలంలో చేయించిన సిమెంటు ప్లాస్టరింగులో తేమ ఇంకా పోలేదన్న మేస్త్రీ మాటనే నేను గట్టిగా సమర్థించాను. కొత్త ప్లాస్టరింగుకు కనీసం 28 రోజుల గడువు ఇవ్వాలి; తొందరపడితే తడి గోడలోని క్షారం రంగును వెలిసిపోయేలా చేస్తుంది, తేమతోపాటు పైకి వచ్చే లవణాలు తెల్లటి పొడిలా తేలుతాయి, గోడ నునుపు కోసం పూసే లప్పం (పుట్టీ) పెచ్చులుగా ఊడిపోతుంది. కరెంటు పైపులకు గోడలు కొట్టడం, నల్లా పని, టైల్సు, వడ్రంగి పని అన్నీ అయ్యాక లప్పం, రంగుకు ముందు పూసే ప్రైమరు, రంగు మొదటి కోటు వేయించి, స్విచ్చులు బిగించిన తర్వాతే చివరి కోటు వేయించడం సరైన క్రమమని నా అభిప్రాయం. దీపావళి దాటి గాలిలో తేమ తగ్గాక లప్పం పని మొదలుపెట్టిస్తాం.