గిన్నె మీద పేరు

మా కాలనీ యూత్ గ్రూప్‌కి క్రికెట్ కిట్, క్యారమ్ బోర్డులు కొనాలని మొన్న ఆదివారం కమ్యూనిటీ హాల్ ముందు పాత సామాన్ల సేల్ పెట్టాం. సామాన్లు అడగ్గానే వచ్చిపడ్డాయి. అసలు తంటా అంతా ధరల దగ్గరే. ఇచ్చినవాళ్లకేమో అది "కొత్తదే అండీ, అసలు వాడనేలేదు", కొనేవాళ్లకేమో తుక్కు. చివరికి పిల్లలే తేల్చేశారు: పుస్తకం ఏదైనా 20, బట్టలు 50, మిగతావన్నీ బేరం. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాలు ఏరుకునే ఊరు కదా, పుస్తకాలే ముందు ఖాళీ అయ్యాయి.

గొడవంతా స్టీలు సామాన్ల దగ్గర. మన గిన్నెల మీద పెట్టినవాళ్ల పేర్లు చెక్కి ఉంటాయని ఎవరికీ గుర్తు రాలేదు! ఎదురు బ్లాకు ఆంటీ ఒక గిన్నె తిప్పి చూసి, "ఇది నేను వాళ్ల గృహప్రవేశానికి పెట్టిందే" అన్నారు. ఇచ్చినావిడ పక్కనే ఉన్నారు. నేను చీరల వైపు వెళ్లిపోయాను. ఆంటీ మాత్రం బేరం కూడా ఆడకుండా కొనేసి, "ఈసారి నేనే వాడుకుంటాలే" అన్నారు.

డబ్బుల లెక్క టెన్త్ చదివే అమ్మాయి చూసింది. క్యూఆర్ కోడ్‌కి వచ్చినవి, చేతికి వచ్చినవి లాంగ్ నోట్‌బుక్‌లో విడివిడిగా రాసింది. మా అసోసియేషన్ పెద్దలు ఆ పుస్తకం ఒకసారి చూస్తే బాగుంటుంది.

కిట్‌కి సరిపోయాయి, క్యారమ్ బోర్డులకి ఇంకా కావాలి. ఒక ట్రెడ్‌మిల్ మిగిలిపోయింది, సెల్లార్‌లో ఉంది. కావాలంటే మెసేజ్ చేయండి, మా కుర్రాళ్లే మోసుకొచ్చి ఇస్తారు.