ఐదు శాతం సరే, ఎలా కొలిచారు?

మొన్న మా పిన్ని అశ్వగంధ క్యాప్సూల్స్ సీసా నా చేతిలో పెట్టి "దీంట్లో విథనొలైడ్స్ ఐదు శాతం అని రాశారు, మంచిదేనామ్మా?" అని అడిగింది. పదకొండేళ్లుగా మూలికల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను కదా, ఇట్టే చెప్పేస్తానని ఆమె నమ్మకం. విథనొలైడ్లంటే అశ్వగంధలో మందుగా పనిచేసేవని చెప్పే పదార్థాలు. సీసా అటూ ఇటూ తిప్పి చూశాను. ఐదు శాతం అని పెద్ద అక్షరాల్లో ఉంది గానీ, ఏ పద్ధతిలో కొలిచారో, మొక్కలో ఏ భాగం నుంచి తీశారో ఎక్కడా లేదు. ఆ రెండూ తెలియకుండా వేసుకోమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అశ్వగంధ అంటే మన పెన్నేరు గడ్డే. మందుకు వాడేది వేరు. ఆ వేరులో విథనొలైడ్లు మామూలుగా ఒక శాతం కూడా ఉండవు, అందుకే సారం తీసి చిక్కబరుస్తారు. అసలు తిరకాసంతా కొలవడంలోనే. పాత పద్ధతిలో అయితే సారాన్ని ద్రావకంలో కరిగించి, వడగట్టి, ద్రావకం ఆవిరైపోయాక గిన్నె అడుగున మిగిలినదాన్ని తూస్తారు. గ్రావిమెట్రీ అంటాం. విథనొలైడ్లతో పాటు కరిగివచ్చిన జిడ్డూ జిగురూ అన్నీ ఆ తూకంలోనే పడిపోతాయి.

హెచ్‌పీఎల్‌సీలో యంత్రం ఒక్కో పదార్థాన్నీ విడదీసి కొలుస్తుంది కాబట్టి ఆ వెసులుబాటు ఉండదు. శాంపిల్ తూచి, మెథనాల్ పోసి, ధ్వని తరంగాలతో కుదిపే సోనికేటర్‌లో పెట్టి, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడగట్టి 20 మైక్రోలీటర్లు ఎక్కిస్తే, కాలమ్ అనే గొట్టం గుండా పోతూ ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికొస్తుంది, 227 నానోమీటర్ల దగ్గర డిటెక్టర్ దాన్ని పట్టుకుంటుంది, తెర మీద పీక్ లేస్తుంది. దాన్ని స్టాండర్డ్ (శుద్ధ విథనొలైడ్ నమూనా) పీక్‌తో పోల్చి లెక్క కడతాం. ఆ స్టాండర్డ్ కొన్ని మిల్లీగ్రాములే వేల రూపాయలు, అందుకే చాలామంది వెనకాడతారు. గ్రావిమెట్రీలో ఐదు వచ్చిన సారం ఇక్కడ అందులో సగం కూడా చూపించకపోవడం నేను చాలాసార్లు చూశాను.

పోనీ హెచ్‌పీఎల్‌సీ చేస్తే భయం లేదా అంటే, ఉంది. ఆకుతో. అశ్వగంధ ఆకులో విథాఫెరిన్ ఎ అనే విథనొలైడ్ బాగా ఎక్కువ. వేరు తవ్వుకున్నాక ఆకు చేలో పారేసేదే కాబట్టి కారుచౌక. ఆకు సారం కాస్త కలిపితే చాలు, మొత్తం శాతం పైకి లేస్తుంది. ఆకులు వాడొద్దని 2021 అక్టోబరులో ఆయుష్ శాఖ తయారీదారులకు చెప్పింది కూడా.

ఒకసారి ఒక బ్యాచ్ వచ్చింది. మొత్తం శాతం సరిపోయింది, తేమ సరిపోయింది, రిపోర్టు మీద సంతకం పెట్టడమే తరువాయి. కానీ పీక్‌లు గీసే గ్రాఫు, క్రోమటోగ్రామ్‌లో విథాఫెరిన్ పీక్ ఒక్కటే తాటిచెట్టులా నిలబడి ఉంది, వేరులో ఉండాల్సిన మిగతావి దాని పక్కన గడ్డిపోచల్లా ఉన్నాయి. మనసొప్పక టీఎల్‌సీ ప్లేటు (పదార్థాలు పైకి పాకుతూ విడిపోయే పూత పలక) పెట్టి, చీకటి పెట్టెలో 366 నానోమీటర్ల యూవీ లైటు కింద చూశాను. పైభాగంలో ఎర్రటి చారలు, నిప్పుకణికల్లా. పత్రహరితం ఆ వెలుతురులో అలాగే మెరుస్తుంది. మట్టిలో పెరిగే వేరులో అది ఎక్కడిది! సరుకు పంపినాయనకు ఫోన్ చేస్తే "ప్రకృతిలో తేడాలుంటాయి మేడమ్" అన్నాడు. ఆ బ్యాచ్ వెనక్కి పంపేశాం.

అప్పుడు నాకు కోపం వచ్చింది కొనేవాళ్ల కోసమే కాదు. అనంతపురం, కర్నూలు వైపు వానకు పండే నేలల్లో ఐదారు నెలలు పెంచి, కాయలు ఎర్రబడ్డాక ఒక్కో వేరూ తవ్వి, కడిగి, కోసి, ఎండబెట్టే రైతు ఆ ఆకు ధరతో పోటీ పడాలి. ఎలా పడతాడు?

పిన్ని చేత కంపెనీకి రెండే ప్రశ్నలు రాయించాను: వేరు ఒక్కటేనా, ఆకు కూడా ఉందా? ఆ ఐదు శాతం హెచ్‌పీఎల్‌సీలో వచ్చిందా, తూకంలోనా? బ్యాచ్ నంబరు కూడా రాసి రిపోర్టు పంపమన్నాం. జవాబు ఇంకా రాలేదు. సీసా సీలు పిన్ని తీయలేదు.