గెనిమ మీది కసువు

చంద్రగిరి దగ్గరి మా పల్లెలో, గెనిమల మీద, అంటే చేని గట్ల మీద, ఒక్క గరికపోచ కూడా మిగలనిదే శుభ్రమైన చేను. నాన్నగారు పారతో చెక్కించేవారు; నేను కలుపుమందు కొట్టించాను. ఈశాన్య రుతుపవనాల వానలకు, చేనిలో చల్లిన పశువుల ఎరువు ఎర్రమట్టితో కలిసి దిగువనున్న వంకలోకి, అక్కడి నుండి చెరువులోకి కొట్టుకుపోతుంటే భూమి బలం పోతోందని బాధపడ్డానే తప్ప, దానితోపాటు ఇంకేమి పోతోందో ఆలోచించలేదు.

పేడలో ఇ.కోలై వంటి, పేగుల్లో బతికే బ్యాక్టీరియా ఉంటుంది. అందులో చాలా రకాలు హాని చేయవు, కొన్ని మాత్రం మనుషులకు విరేచనాలు తెప్పిస్తాయి. తాగునీటికి మన దేశంలో ఉన్న ఐ.ఎస్. 10500 ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ.కోలై కనిపించనే కూడదు. ఇంటింటా పాడి ఉన్న మా వైపు, వంక పక్కనే తాగునీటి బావులున్న చోట, ఇది చిన్న విషయం కాదు.

కసువే, అంటే గడ్డే, నీటిని వడపోస్తుందని నేను చాలాకాలం నమ్మాను. అది సగమే నిజం. ఒక బ్యాక్టీరియా పొడవు సుమారు 1 నుండి 2 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్క. పోచల సందుల్లోంచి అది హాయిగా దాటిపోగలదు. కసువు చేసే అసలు పని, పరుగెత్తే నీటికి అడ్డుపడి నిదానింపజేయడం. వేగం తగ్గగానే మట్టి రేణువులు, వాటిని అంటిపెట్టుకున్న బ్యాక్టీరియాతో సహా అక్కడే పేరుకుంటాయి. వేళ్లు గుల్ల చేసిన నేలలోకి మిగిలిన నీరు ఇంకుతుంది. ఆ పైన పని అంతా మట్టిదే. సన్నని రంధ్రాల్లో కొన్ని ఇరుక్కుపోతాయి. బంకమట్టికీ బ్యాక్టీరియాకీ ఉపరితలం మీద ఋణావేశమే ఉన్నందున అవి ఒకదాన్నొకటి నెట్టుకోవాలి గాని, నీటిలోని కాల్షియం మధ్యలో చేరి రెండింటినీ కలుపుతుంది. మన నేలకు ఎరుపునిచ్చే ఇనుప ఆక్సైడ్లకు సాధారణంగా ధనావేశం ఉంటుంది కాబట్టి అవి నేరుగానే పట్టుకుంటాయి. అలా చిక్కినవాటిని ప్రోటోజోవాలనే ఏకకణ జీవులు తింటాయి, మరికొన్ని నేల ఆరినప్పుడు చస్తాయి. కలుపుమందుతో గెనిమను బోడి చేసి, ఇంత పని చేసే మట్టి దాకా నీటిని చేరనివ్వకుండా చేసింది నేనే.

వంక పొడవునా పది అడుగుల వెడల్పున దున్నకుండా వదిలి, గరికను పెరగనిచ్చి, అంచున వట్టివేరు నాటించాను. పాములు చేరతాయని పక్క చేనివారు అన్నారు; ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు, రాత్రిపూట టార్చి లేనిదే అటు వెళ్లను.

అయితే మొదటి వానాకాలంలోనే ఒక లోపం బయటపడింది. మేకలు వంకకు దిగే కాలిబాట వెంట నీరంతా ఒక్క పాయగా కూడి, కసువును తాకకుండానే దిగిపోయింది. నీరు పలుచగా పరుచుకుని పారితేనే ఈ ఏర్పాటు పనికివస్తుంది. 2021 నవంబరులో పడినటువంటి కుండపోత వానలకు నేల నిండిపోతే ఇక ఇంకడానికి చోటే ఉండదు. వానపాముల బొరియల్లోంచి కూడా కొంత నీరు మట్టిని సరిగా తాకకుండానే కిందికి దిగుతుంది. అందుకే, వంకలో నీరు తేటగా కనిపిస్తున్నా, మా ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లే తాగుతాము.

మేకల బాటకు అడ్డంగా రాళ్లు పేర్చి, సందుల్లో వట్టివేరు పిలకలు నాటాను. పెంటదిబ్బను మెరకకు మార్పించాను. మేపు కోసం కసువు కోసుకుంటామని అడిగినవారికి, కార్తీక వానలకు ముందు మాత్రం జానెడు ఎత్తు మిగిల్చి కోయమని చెబుతున్నాను.