పూతలో ఇద్దరికీ పాజిటివే

మంగళవారం, రాత్రి పదిన్నర.

పొద్దున ఎనిమిదికే ల్యాబ్‌కి వెళ్లాను. ఎలైసా, అంటే రక్తంలో ఒక ప్రొటీన్ ఎంతుందో రంగుతో కొలిచే పరీక్ష, దాని ప్లేటు పెట్టిన రోజు మధ్యలో లేవడం కుదరదు. ఈసారి కొలవాల్సింది ఐపీ-10. ఇన్ఫెక్షన్ తగిలినప్పుడు మన కణాలే వదిలే చిన్న ప్రొటీన్ ఇది. రక్షణకు టీ-కణాలనే తెల్ల రక్తకణాలను పిలుచుకొస్తుంది. మలేరియా పిల్లల రక్తం శాంపిల్స్ జోలికి ఇంకా పోలేదు. చెయ్యి కుదిరేదాకా స్టాండర్డ్స్‌తోనే, అంటే ఐపీ-10 ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలతోనే చేయమన్నారు మేడమ్.

రెండు గంటల ఇంక్యుబేషన్ నడుస్తుండగా అమ్మ ఫోన్ చేసింది. పాడేరు వైపు ఏఎన్ఎంగా చాలా ఏళ్లు చేసిన మనిషి. "రక్తపూతలో మలేరియా పాజిటివ్ అని తేలాక ఇంకా ఏం చూస్తారే తల్లీ?" అంది. కాసేపాగి తనే ఒక ఇంటి సంగతి ఎత్తింది. అన్నదమ్ములు, ఇద్దరి రక్తపూతలోనూ పీఎఫ్, అంటే ప్రమాదకరమైన ఫాల్సిపారం మలేరియా. పెద్దాడు వాకిట్లో గోళీలాడుకుంటున్నాడట. చిన్నాడికి ఫిట్స్. జీపులో వాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ఘాట్ రోడ్డు దిగిందట. "ఒకే ఇల్లు, ఒకే దోమలు. వాడికే ఎందుకలా అయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు" అంది. వాడు బతికాడా అని అడగడానికి నోరు రాలేదు.

అమ్మ అడిగిందే అసలు ప్రశ్న. మలేరియా ఎక్కువగా ఉండే చోట పిల్లల రక్తంలో పరాన్నజీవి ఉన్నంత మాత్రాన జబ్బు దానిదే అనలేం. మలావీలోని బ్లాంటైర్‌లో, మెదడు మలేరియాతో పోయారనుకున్న 31 మంది పిల్లలకు పోస్టుమార్టం చేస్తే, ఏడుగురి మరణానికి కారణం వేరే ఉందని తేలింది. 2004లో వచ్చిన ఆ పేపర్ చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ ఏడుగురికి అసలు జబ్బు ఏమిటో బతికుండగా ఎవరికీ తెలియలేదన్నమాట.

ఐపీ-10 మీద ఆశ అందుకే. ఘనాలో మెదడు మలేరియాతో చనిపోయిన పిల్లల రక్తంలోనూ, వెన్ను ద్రవంలోనూ అది బాగా ఎక్కువగా కనిపించింది. మన జబల్‌పూర్‌లో చూసిన రోగుల రక్తంలోనూ అంతే. అయితే టీబీలో పెరుగుతుంది, డెంగీలోనూ పెరుగుతుంది. అది ఒక్కటే చూసి ఏ డాక్టరూ నిర్ణయం తీసుకోకూడదని నా అభిప్రాయం. ఇంకో రెండు మూడు ప్రొటీన్లు తోడుంటే, ఏ బిడ్డని ముందు పెద్దాసుపత్రికి పంపాలో చెప్పగలమేమో.

సాయంత్రం ఆసిడ్ వేయగానే నీలం గడులన్నీ పసుపు తిరిగాయి. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు ఇష్టమే. రీడింగ్ చూస్తే చివరి రెండు స్టాండర్డ్స్‌లో, ఒకే ద్రావణం పోసిన జంట గడుల అంకెలు కలవలేదు. వాష్ సరిగా చేయలేదు, తప్పు నాదే. గురువారం ఇంకో ప్లేటు పెట్టాలి. ఫ్రీజర్‌లో ఉన్న పిల్లల ప్లాస్మా ఒక్కో గొట్టంలో అర మిల్లీలీటరు కూడా లేదు. పాడుచేస్తే మళ్లీ దొరకదు.

రేపు అమ్మకి ఫోన్ చేసి ఆ చిన్నాడి సంగతి అడగాలి.