ఆ 26.8 సంగతి

పదకొండు దాటింది. పడుకోవాల్సింది పోయి మళ్ళీ ఆ లెక్కే. 2 మైక్రోకూలుంబ్‌ల ఆవేశాన్ని కదలకుండా బిగించారు. దానికి 10 సెంటీమీటర్ల దూరంలో, 1 మైక్రోకూలుంబ్ ఆవేశమున్న ఒక గ్రాము గోళీని వదిలారు. బరువూ ఘర్షణా పట్టించుకోనక్కర్లేదు. 30 సెంటీమీటర్ల దగ్గర దాని వేగమెంత? నేను దిద్దుతున్న కాగితంలో జవాబు 26.8 అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టారు. ఆ గీతలు చూస్తేనే ఒళ్ళు మండింది.

ఎలా వచ్చిందో తెలుస్తూనే ఉంది. మొదట్లో బలం 1.8 న్యూటన్లు, కాబట్టి త్వరణం 1800. జరిగింది 0.2 మీటర్లు. ఇంకేం, వీ స్క్వేర్ ఈక్వల్స్ టూ ఏ ఎస్! త్వరణం మారకపోతేనే పనికొచ్చే సూత్రమది. దూరం మూడింతలయ్యేసరికి బలం తొమ్మిదో వంతుకి, 0.2 న్యూటన్లకి దిగిపోయిందన్న ధ్యాసే లేదు. పోనీ మొదటి బలానికీ చివరి బలానికీ సగటు కడదామా అంటే 20 వస్తుంది, అదీ తప్పే. బలం దూరంతోపాటు సరళరేఖలా తగ్గదు, మొదట్లోనే దబ్బున పడిపోతుంది.

శక్తితో చేస్తే రెండు లైన్లు. 9×10⁹ని రెండు ఆవేశాలతో గుణించి దూరంతో భాగిస్తే (ఇక్కడ దూరానికి స్క్వేర్ ఉండదు, అలవాటులో పెట్టేస్తారు) స్థితిజ శక్తి మొదట 0.18 జౌళ్లు, చివర 0.06. తగ్గిన 0.12 గతిజ శక్తిగా మారింది. దాన్ని రెట్టింపు చేసి 0.001 కిలోతో భాగిస్తే 240. వర్గమూలం 15.5. అసలు గోళీ అనంత దూరం పోయి, ఉన్న 0.18 మొత్తం ఖర్చుపెట్టినా 19 దాటదు. దారి మధ్యలో 26.8 ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంతవరకూ టైపు చేశాక, ఆ వీ స్క్వేర్ సూత్రాన్ని ఊరికే ఆడిపోసుకున్నానేమో అనిపిస్తోంది. సమాంతర పలకల మధ్య క్షేత్రం ఒకేలా ఉంటుంది కాబట్టి అక్కడ అదీ శక్తి పద్ధతీ ఒకే జవాబిస్తాయి. పైగా ఎంతసేపట్లో చేరుతుందని అడిగితే శక్తి పద్ధతి నేరుగా నోరు విప్పదు.

ఆ పద్ధతి వాడేవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా! రెండో ఆవేశాన్ని బిగించకపోతే అదీ కదులుతుందని మర్చిపోతారు. అదీ గ్రాముదే అయితే 0.12 చెరిసగం, ఒక్కోదానికి 11 చొప్పున. బరువులు వేరైతే ద్రవ్యవేగ నిత్యత్వం కూడా రాయాలి, తేలికదానికే ఎక్కువ శక్తి దక్కుతుంది. ఇక మైనస్ గుర్తు గోల. ఎలక్ట్రాన్ తక్కువ పొటెన్షియల్ నుంచి 100 వోల్టులు ఎక్కితే, ఆవేశం రుణాత్మకం కాబట్టి స్థితిజ శక్తి తగ్గుతుంది, వేగం సెకనుకు 5.9×10⁶ మీటర్లకు చేరుతుంది. ఆ గుర్తు మింగేసి, వర్గమూలం కింద మైనస్ రాగానే చప్పుడు చెయ్యకుండా చెరిపేస్తారు. నిశ్చలంగా వదిలిన ఆవేశం ఆ దిక్కుకి తనంతట తాను పోదనో, ఎక్కడో గుర్తు తప్పిందనో ఆ మైనస్ మొత్తుకుంటుంటే వినరు.

వోల్టులనగానే భౌతిక శాస్త్రవేత్త బెర్టోజీ గుర్తొచ్చాడు. 1964లో ప్రచురించిన ప్రయోగం. 5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల (అంటే 5 లక్షల వోల్టులు ఎక్కితే వచ్చేంత) శక్తి ఉన్న ఎలక్ట్రాన్‌కి మన గతిజ శక్తి సూత్రం, అర ఎం వీ స్క్వేర్, వాడితే 4.2×10⁸ వస్తుంది, అంటే కాంతిని మించి! విలియం బెర్టోజీ ఎలక్ట్రాన్ల గుంపుల్ని 8.4 మీటర్లు పరిగెత్తించి, పట్టిన సమయాన్ని కొలిస్తే 2.6×10⁸ వచ్చింది. శక్తి నిజంగా అందలేదేమోనన్న అనుమానం కూడా మిగల్చలేదు. ఇంకా ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లని అల్యూమినియం బిళ్ళకి తగిలించి, అదెంత వేడెక్కిందో చూశాడు. శక్తి దాదాపు లెక్క ప్రకారమే వచ్చింది, వేగమే పెరగనంది. ఎంత శుభ్రమైన పని! అర ఎం వీ స్క్వేర్ కొన్ని వేల వోల్టుల దాకా మనల్ని మోస్తుంది. 25 వేల దగ్గరే వేగాన్ని నూటికి మూడున్నర ఎక్కువ చూపిస్తుంది.

గ్రాము గోళీకి ఆ బెడద లేదులే. 15.5 అని దిద్ది మూసేద్దామని కాగితం మళ్ళీ తీశాను. రెండు గీతలు కొట్టిన ఆ 26.8 పక్కన యూనిట్ కూడా లేదు.